మేలుకొలుపు సిస్టర్

మందు లేని జబ్బు చేస్తే ఆ రోజుల్లో ఎవరూ ఏడుస్తూ కూర్చునేవారు కాదు. మందు కనిపెట్టేదాకా రోగిని నిద్రపుచ్చేవారు. ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చేసరికి ఇది ఎంత మామూలు సంగతైపోయిందంటే, "మా పెద్దమ్మ నిద్రలో ఉంది, ఇంకో పదేళ్ళకి లేస్తుందట" అని పెళ్ళి భోజనాల దగ్గర అప్పడం విరుచుకుంటూ చెప్పుకునేవారు.

భీమిలి దాటాక సముద్రానికి ఎదురుగా ఉన్న కొండమీద కట్టిన సుప్తిశాలలో అలాంటివాళ్ళు వందలమంది ఉండేవారు. ఒక్కొక్కరికి ఒక్కో సుప్తికోశం. చూడ్డానికి గాజు మూత పెట్టిన నీళ్ళతొట్టిలా ఉండేది. అందులో పడుకోబెట్టిన మనిషి ఒళ్ళు చల్లబడుతుంది, గుండె నింపాదిగా కొట్టుకుంటుంది, బయట పదేళ్ళు గడిస్తే లోపల ఒక్క ఏడు గడుస్తుంది. తిండీ, మందూ, ఊపిరీ అన్నీ కోశమే చూసుకుంటుంది. అంత తెలివైన యంత్రానికీ చాతకాని పని ఒకటి ఉండేది. ఏళ్ళతరబడి కదలని ఒంటికి పుళ్ళు పడకుండా చూడటం. యంత్రం చేతులతో ఎంత మెత్తగా తిప్పినా చర్మం కమిలిపోయేది. ఆ పనికి మనుషుల చేతులే కావలసి వచ్చాయి. నూనె రాసి, తుడిచి, పక్కకి తిప్పి, గోళ్ళు తీసి, జుట్టు దువ్వే ఆ నర్సులని సహాయికలు అనేవారు. వాళ్ళది నీలం కోటు.

సిస్టర్లు వేరు. వాళ్ళది తెల్లకోటు.

వాళ్ళ గొప్పంతా తొలిముద్రలో ఉంది. సుప్తిశాల పెద్ద, డాక్టర్ ఇనాయతుల్లా కనిపెట్టిన సంగతి అది. దీర్ఘనిద్ర నుంచి లేచిన మెదడు పురిటిబిడ్డ మెదడులా ఉంటుంది. మొదటి కొన్ని నిమిషాల్లో ఎవరో ఒకరిని గట్టిగా పట్టుకుంటుంది. పట్టు దొరికితే గుండె కుదుటపడుతుంది, దొరక్కపోతే ఆగిపోతుంది. ఒకసారి ముద్ర పడ్డాక దాన్ని కదపకూడదు. అయినవాళ్ళని ఆ గదిలోకి రానిచ్చేవారు కాదు. వెనకటికి ఒకావిడ కళ్ళు తెరిచి, తను నిద్రలోకి వెళ్ళేనాటికి నల్లజుట్టుతో ఉన్న మొగుడు తలపండి కనిపించేసరికి కేక పెట్టి అక్కడే ప్రాణం వదిలింది. అందుకని చదువుకున్న, శిక్షణ పొందిన నర్సు దగ్గరుండి లేపాలి. ఆవిడే మేలుకొలుపు సిస్టర్.

లేచినవాళ్ళు జీవితాంతం ఆ సిస్టర్‌నే తలుచుకునేవారు. దండలేసేవారు, పుట్టిన పిల్లలకి ఆవిడ పేరు పెట్టుకునేవారు. అన్నేళ్ళూ ఒళ్ళు తుడిచిన సహాయిక మాత్రం ఆ ఉదయం ఉతికిన దుప్పటి పరిచి, నేల తుడిచి, గది బయటికి వెళ్ళిపోవాలి. సహాయికని పేరుపెట్టి పిలుస్తారు. సిస్టర్ వస్తే ఆమె లేచి నిలబడాలి. ఇవేవీ గోడమీద రాసి ఉండవు. చేరిన వారంలోపే అందరికీ వచ్చేస్తాయి.

వరాలు అలాంటి సహాయిక. ఆమె చూసే కోశంలో రత్తి ఉండేది. అసలు పేరు నూకరత్నం. కళింగపట్నం వైపు సముద్రంమీద చేపలవేటకెళ్ళే వాళ్ళ పిల్ల. ఎనిమిదేళ్ళప్పుడు నెత్తురుకి ఏదో జబ్బు చేసి నిద్రలోకి వెళ్ళింది. తల్లి లేదు. తండ్రి ఏడాదికోసారి వచ్చి, గాజుమీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. మొదటి రోజు నుంచీ ఆ పిల్లని చూసుకున్నది వరాలే.

రోజూ ఉదయం మూత తియ్యగానే, "తెల్లారిపోనాదే రత్తీ, లెగవా?" అనేది. లేవదని తెలుసు. అయినా అనేది. తరవాత నూనె రాస్తూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది.

"ఇదిగో, ఇను. నువ్వు లెగిసినాక తెల్లకోటోళ్ళు అవుపడితే దండం ఎట్టాలి. తెలిసినాదా? నేదంటే ఆళ్ళకి కోపాలొచ్చీస్తాయి. నీలంకోటోళ్ళకి అక్కర్నేదు. మనకి మనకి దండాలేటి?"

ఇలాగే ఒకరోజు మాట్లాడుతుంటే డాక్టర్ ఇనాయతుల్లా అటుగా వచ్చి ఆగిపోయాడు.

"ఎవరితోనమ్మా కబుర్లు?"

"రత్తితోనండి."

"పిచ్చిదానా, చెవిలోకి శబ్దం వెళ్తుందిగానీ మెదడులో నిలవదు. మేం పరీక్షించి చూశాం."

"నిలవకపోతే పోనీండి బాబూ. నోరు మూసుకుని పని సెయ్యడం నా వల్ల కాదు."

డాక్టరు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మంచివాడే. ఆయన వెళ్ళాక వరాలు ఆ పిల్ల మూసిన కళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. ఆమెకి జీవితంలో పెద్ద కోరికలేవీ లేవు. ఆ కళ్ళు తెరుచుకున్నప్పుడు వాటికి తన మొహం కనపడాలి. అంతే. ఆ ఒక్కదానికోసం ఆమె గుండె కొట్టుకుపోయేది.

రత్తి జబ్బుకి మందు దొరికిందని, పరీక్షలు పూర్తయ్యేసరికి మూడు నాలుగేళ్ళు పడుతుందని తెలిసిన రోజున వరాలు మేట్రన్ సత్యభామ గారి గదికి వెళ్ళింది. మేట్రన్ కూర్చోమనలేదు. అనరు కూడా.

"ఆ పిల్లని లేపీటప్పుడు నన్ను గదిలోన ఉండనిత్తారా అమ్మా? మూలకి నిలబడతాను."

"మేలుకొలుపు గదిలోకి సహాయికా?" మేట్రన్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇవాళ నువ్వు అడుగుతావు, రేపు ఆయాలు అడుగుతారు. అంత ఆశగా ఉంటే బ్రిడ్జి కోర్సు రాయి. సిస్టరయి రా. అప్పుడు నువ్వే లేపుదువుగాని."

వెటకారానికి అన్న మాట. వరాలు దాన్ని వరంలా అందుకుంది.

కోర్సు చదివినన్నాళ్ళూ కోశాల హాల్లో అడుగుపెట్టకూడదు. తెల్లకోటు వేసుకోబోయేవాళ్ళు చీపురూ నూనెగిన్నే ముట్టకూడదట. రత్తిని ఎవరికి అప్పగించాలా అని వరాలు నిద్రలేకుండా ఆలోచించి, చివరికి తమ వైపు నుంచే కొత్తగా వచ్చిన తవిటమ్మని ఎంచుకుంది. ఆ పాతకాలం పేరు వాళ్ళ నాయనమ్మదట. అన్నీ నేర్పింది. ఎడమ భుజం దగ్గర మచ్చమీద గట్టిగా రుద్దకూడదనీ, జుట్టు చివర్ల నుంచి దువ్వాలనీ చెప్పింది.

"మూత తియ్యగానే ఏటనాలి?"

"తెల్లారిపోనాదే రత్తీ, లెగవా?" అంది తవిటమ్మ సిగ్గుపడుతూ.

"అదీ. ఒక్క రోజూ మరిసిపోకు."

కోర్సులో వరాలుకి శరీరశాస్త్రం కష్టంకాలేదు, మెదడు పటాలు కష్టంకాలేదు. స్వరగురువుతోనే చచ్చే చావొచ్చింది. అది ఆకుపచ్చ దీపమున్న చిన్న పెట్టె. నానా ప్రాంతాలవాళ్ళూ నిద్రలో ఉంటారు కాబట్టి మేలుకొలుపు సిస్టర్ గొంతులో ఏ ఊరి యాసా వినిపించకూడదని నియమం. యాస పోయేదాకా ఆ పెట్టె వదిలేది కాదు.

"ఇప్పుడు నానేటి సెయ్యాల?"

"నేనేమి చేయాలి, అనండి."

"నేనేమి చేయాలా?"

"వాక్యం చివర సాగుతోంది. తగ్గించండి."

"మా ఊరే సాగుతాది. నన్నేటి సెయ్యమంతావు?"

"నన్నేమి చేయమంటారు, అనండి."

మొదట్లో పెట్టెని ఎత్తి కిటికీలోంచి పారేద్దామనిపించేది. రెండో ఏడుకి అది సరిదిద్దడం తగ్గించింది. మూడో ఏడుకి, "మీ స్వరం బాగుంది" అని మెచ్చుకుంది. సెలవుకి ఇంటికెళితే చెల్లెలు పొట్టపట్టుకు నవ్వింది. "ఒలమ్మో, అప్పా! టీవీలోన వార్తలు సదివీసినట్టున్నాది!" వరాలు నవ్వబోయి, ఎందుకో నొచ్చుకుంది. నొచ్చుకున్నందుకు ఇంకా నొచ్చుకుంది.

తెల్లకోటు వేసుకుని సుప్తిశాల వరండాలో నడిచిన మొదటి రోజున, బల్లమీద కూర్చుని టీ తాగుతున్న తవిటమ్మ గబుక్కున లేచి నిలబడింది. కోటుమీద "సిస్టర్ వరలక్ష్మి" అని కొత్త పేరు మెరుస్తోంది. "కూకోవే, నాకు లెగుస్తావేటి?" అనాలి నిజానికి. ఆ మాట వరాలు నోట రాలేదు. అలా లేచి నిలబడటం ఆమెకి బాగుంది. తల పంకించి ముందుకి వెళ్ళిపోయింది.

అనుకున్న రోజు వచ్చింది. మేట్రన్ మాట నిలబెట్టుకుంది, రత్తి మేలుకొలుపు వరాలుకే ఇచ్చింది. కోశాన్ని గదిలోకి తెచ్చారు. గాజు గోడ అవతల డాక్టర్ ఇనాయతుల్లా, మేట్రన్, సుప్తిశాలని చూడటానికి ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలూ నిలబడ్డారు. తవిటమ్మ దుప్పటి పరిచి, నేల తుడిచి, తలుపు బయటికి వెళ్ళి నించుంది. తలుపు పూర్తిగా వెయ్యలేదు.

మూత లేచింది. రత్తి రెప్పలు కదిలాయి. ఇన్నేళ్ళూ వరాలు కోరుకున్న ఒకే ఒక్కటి అక్కడ తెరుచుకుంటోంది.

"శుభోదయం నూకరత్నం. మీరు క్షేమంగా ఉన్నారు" అంది, నేర్పినట్టే.

ఆ పిల్ల ఆమె మొహం చూసింది. తెల్లకోటు చూసింది. కళ్ళు పక్కకి వెళ్ళి ఎవరికోసమో వెతికాయి.

"ఆయమ్మేది?"

"ఎవరమ్మా?"

"రోజూ తెల్లారిపోనాది అంటాదే, ఆయమ్మ."

అద్దం అవతల డాక్టరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నిలవదన్నది నిలిచింది. వరాలుకి ఒళ్ళంతా పులకరించింది. కళ్ళ నిండా నీళ్ళతో వంగి, "అది నేనే నూకరత్నం. అలా పిలిచింది నేనే" అంది.

రత్తి తల అడ్డంగా ఊపింది. "నువ్వు కాదు."

"గుండె వేగం పెరుగుతోంది" అంది కోశం. "సిస్టర్, ఆమెకి పట్టు దొరకలేదు."

ఏం చెయ్యాలో వరాలుకి తెలుసు. "నానేనే రత్తీ" అనాలి. అంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళు ఒక్కసారి గాజు గోడవైపు వెళ్ళాయి. మేట్రన్ కళ్ళజోడు కనిపించింది. ఢిల్లీ పెద్దలు కనిపించారు. యాస బయటపెట్టిన సిస్టర్ని ఏమంటారో ఆమె విని ఉంది. ఇంకోసారి నేర్పినట్టే పిలిచి చూద్దాం, అనుకుంది.

"నూకరత్నం, భయపడకండి."

ఆ పిల్ల పెదాలు నీలంగా మారాయి. "ప్రమాదం" అంది కోశం. అప్పుడు తలుపు సందులోంచి, ఉండబట్టలేక, ఏడుపు గొంతుతో ఒక కేక వినిపించింది.

"తెల్లారిపోనాదే రత్తీ! లెగవా?"

రత్తి అటు తిరిగింది. తవిటమ్మ పరుగున వచ్చి పట్టుకుంది. ఆ పిల్ల సన్నటి చేతులు నీలం కోటుని చుట్టుకున్నాయి. కోశం మీద దీపం ఎరుపు నుంచి ఆకుపచ్చకి తిరిగింది. తొలిముద్ర పడిపోయింది.

డాక్టర్ ఇనాయతుల్లా దాదాపు పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. "మేమే పొరబడ్డాం! వాళ్ళు వింటూనే ఉన్నారు. రేపటి నుంచి ఏ సహాయిక చూసుకున్న మనిషిని ఆ సహాయికే లేపాలి. యాసతోనే లేపాలి!" మేట్రన్ కూడా తల ఊపింది. ఢిల్లీ పెద్దలు చప్పట్లు కొట్టారు.

తవిటమ్మ వరాలుకేసి చూసింది. "తప్పయిపోనాది సిస్టర్. నాను దీనికి సెప్పేస్తాను, నిజానికి ఆ పిలుపు..."

వరాలు తల అడ్డంగా ఊపింది. ముద్ర పడ్డాక కదపకూడదు. ఆ సంగతి తవిటమ్మకంటే ఆమెకే బాగా తెలుసు, అందులో ఆమెకి మొదటి మార్కులొచ్చాయి.

రత్తి నెమ్మదిగా తవిటమ్మ భుజం మీంచి తల ఎత్తింది. ఎదురుగా నిలబడ్డ తెల్లకోటుని కాస్త భయంగా, కాస్త కుతూహలంగా చూసింది. ఏదో గుర్తొచ్చినట్టుంది. నీలం కోటు వదిలి, కష్టపడి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

"ఎవులు సెప్పారే నీకు?" అంది తవిటమ్మ.

"తెల్లకోటోళ్ళకి ఎట్టాలి కదా," అంది రత్తి గుసగుసగా. "నువ్వే సెప్పినావు."