లైబ్రరీ గది గడియ

ఆ బడి మేడమీద చివరి గది లైబ్రరీ. పొద్దుగూకాక అటు వెళ్లేవాళ్లు లేరు. లోపల ఎవరో పేజీలు తిప్పుతారని... తెలిసిన గొంతుతోనే పిలుస్తారని... పలికితే ఇక అంతేనని చెప్పుకునేవాళ్లు.

ఇది అక్కడి వాచ్‌మన్ నాకు చెప్పాడు. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

అతని చెవిన ఆ మాట వేసింది లైబ్రేరియన్. "రాత్రి గదిలో చప్పుడైతే తొంగి చూడకు. గడియ పెట్టి దిగిపో," అన్నాడట. పిల్లలకీ అదే చెప్పాడు. దాంతో పుస్తకం కావాలని మెట్లెక్కేవాడే లేడు. బీరువాలకు తాళాలు, ఆయనకు మధ్యాహ్నం కునుకు.

ఆ ఏడు ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, ఉబ్బసం. వాచ్‌మన్‌ని "బాబాయ్" అని పిలిచేది. హెడ్‌మిస్ట్రెస్‌ని ఒప్పించి పుస్తకాల పండగ పెట్టించింది. పిల్లలందరూ తలా ఒక పుస్తకం ఇంటికి పట్టుకెళ్లాలి — అదీ ఆవిడ పంతం. లైబ్రేరియన్ మొహం మాడ్చుకున్నాడు గానీ, తాళాలు ఇవ్వక తప్పలేదు.

పండగ ముందురోజు సాయంత్రం ఆవిడ ఒక్కతే పైకి వెళ్లింది, పుస్తకాలు ఏరడానికి. బ్యాగూ ఫోనూ స్టాఫ్‌రూమ్‌లోనే వదిలేసింది. చీకటి పడ్డాక కరెంటు పోయింది. చేతిలో చిన్న టార్చి ఉంది, పని ఆపలేదు.

ఆవిడ పైన ఉందని తెలియని వాచ్‌మన్ తలుపులు చూసుకుంటూ పైకొచ్చేసరికి వరండా అంతా చీకటి. దగ్గరగా వేసిన తలుపు వెనక... పేజీ తిరిగిన చప్పుడు. మళ్లీ ఇంకొకటి.

తలుపు లాగి గడియ పెట్టేశాడు.

లోపల అడుగులు. తలుపు మీద వేళ్లు తట్టాయి.

"బాబాయ్... నేనే. తలుపు తియ్యి."

తెలిసిన గొంతే. అందుకే పరుగెత్తాడు.

కింద లైబ్రేరియన్ ఇంటికి బయల్దేరుతున్నాడు. సంగతి విని మెట్లు సగం దాకా ఎక్కాడు. ఇద్దరూ నిలబడి విన్నారు. పైన దగ్గు... ఆగని దగ్గు... మధ్యలో "బాబాయ్".

"టీచరమ్మలా ఉంది సార్," అన్నాడు వాచ్‌మన్.

"ఆవిడ ఎప్పుడో ఇంటికి పోయింది. నేను చూశాను. తెల్లారేదాకా పైకి వెళ్లకు."

వాచ్‌మన్ గేటు దగ్గర చెవులు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి దగ్గు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడట.

పొద్దున పిల్లలు రంగు కాగితాలు కట్టారు, మైకు పెట్టారు. చదివేవాళ్లుంటేనే పుస్తకానికి ప్రాణమని లైబ్రేరియన్ పావుగంట మాట్లాడాడు. టీచరమ్మ ఏదని హెడ్‌మిస్ట్రెస్ అడిగితే ఎవరికీ తెలియదు. స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ ఫోను మోగుతూనే ఉంది — వాళ్లమ్మ.

పుస్తకాలు దించడానికి వాచ్‌మన్ తలుపు తీశాడు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని ఉంది. గోళ్లు విరిగి ఉన్నాయి. ఉబ్బసం మందు కింద బ్యాగులో ఉంది.

దెయ్యమే ప్రాణం తీసిందన్నారు. వాచ్‌మనూ అదే నమ్మాడు, రెండేళ్లు.

లైబ్రేరియన్ రిటైరైన రోజు, తాళాలు అప్పగిస్తుంటే వాచ్‌మన్ అడిగాడు. "సార్... ఆ దెయ్యాన్ని మీరెప్పుడైనా చూశారా?"

"దెయ్యం ఎక్కడిదయ్యా... పిల్లల పోరు పడలేక నేను పుట్టించిన మాట అది."

"మరి ఆ రాత్రి మెట్ల మీద..."

"ఆవిడేనని తెలుసు. ఒక్క రాత్రి భయపడితే మళ్లీ నా గది జోలికి రాదనుకున్నాను."

చెప్పులు వేసుకుని, మెల్లగా అన్నాడట —

"అయినా గడియ పెట్టింది నువ్వు కదా."