టేస్ట్ అంటే మొదట్లో ముట్టుకోవడమట

"మీకు బొత్తిగా టేస్ట్ లేదండీ!"

ఆ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అదే. పళ్లరసాల కంపెనీలో రుచి చూసే గది బయట, కొత్తగా చేరిన మనిషి చిలకపచ్చ గళ్ల చొక్కా మీద వంకాయరంగు స్వెట్టర్ వేసుకుని నిలబడితే ఇంకేమంటుంది?

అతను నొచ్చుకోలేదు. "ఆ మాట అసలు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా అండీ?" అన్నాడు.

"తెలీదు. మీ చొక్కా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పండి చాలు. అటువైపు వెళ్లకుండా ఉంటాను."

"టేస్ట్‌కి మొదట్లో నాలుకతో పనే లేదండీ. పాత ఫ్రెంచి వాళ్ల మాట. ముట్టుకుని చూడటం, వేళ్లతో తడిమి మంచిదో కాదో తేల్చుకోవడం. తర్వాతెప్పుడో నాలుక మీదికెక్కింది. ఇంకా తర్వాత జనం చొక్కాల మీదికి."

ఆమె నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. ఆ రోజు నుంచి కంపెనీ అంతటా అతని పేరు డిక్షనరీ.

వాళ్ల పని చిత్రమైంది. రుచి చూసేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో ఇరుకు అరలో కూర్చుంటారు. రసం రంగు చూసి మోసపోకుండా నెత్తిమీద ఎర్రదీపం. ఎదురుగోడకి పుస్తకమంత తలుపు. గోడకి అవతల డిక్షనరీ మూడు కప్పులు నింపి ఆ తలుపులోంచి లోపలికి జరుపుతాడు. రెండింట్లో ఒకటే రసం, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేదాన్ని పట్టుకోవాలి. సెంటు పూసుకోకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.

ఆ పనిలో ఆమెకి ఎదురులేదు. ఏ తొట్టిలో రసం ఎండలో నిలిచిందో ఒక్క గుక్కలో చెప్పేసేది. తండ్రి పోయాక తల్లీ కూతుళ్ల సంసారం ఆ గుక్క మీదే నడుస్తోంది.

అలాంటి అమ్మాయికి వానల్లో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనని వెంటబెట్టుకు పోయింది.

తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. అంతే. నారింజా అనాసా రెండూ పుల్లటి నీళ్లే. సరే, అదీ ఓర్చుకుంది. ఓ మధ్యాహ్నం అమ్మ ఒళ్లో తల పెట్టుకుంటే అమ్మ వాసన లేదు. ఎవరో పరాయి మనిషి ఒళ్లో పడుకున్నట్టుంది. లేచి, పెరటి తలుపు వేసుకుని ఏడ్చింది.

అమ్మకి చెప్పింది. బయట చెప్పింది మాత్రం ఒక్క డిక్షనరీకే. రేకుల షెడ్డు కింద ఇద్దరూ వాన వెలిసేదాకా నిలబడాల్సి వచ్చినప్పుడు.

"ఫ్లేవర్ అన్న మాటకి కూడా మొదట్లో అర్థం వాసనేనండీ," అన్నాడతను, ఏదో ఒకటి అనాలని. "గాలి వీచడం అన్న మాటలోంచి పుట్టిందంటారు."

"అంటే వాసన పోతే ఇంకేం మిగల్లేదన్నమాట."

డిక్షనరీ నాలుక్కరుచుకున్నాడు. "డాక్టరు ఏమన్నాడు?"

"రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో! అమ్మేమో వచ్చేస్తుందిలే అంటుంది. రోజూ అదే పాట. నాకిప్పుడు దిక్కు ఆ మూడు కప్పులే. వస్తోందో లేదో అవే చెప్పాలి. అవి నన్ను చూసి జాలిపడవు కదా."

అతను వానకేసి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఎర్రదీపం కింద మొదటి కప్పు తాగింది. శూన్యం. రెండోది, శూన్యం. మూడోది నోట్లో పడగానే ఏదో కదిలింది. ఏమిటో తెలీదు, ఏదో తేడా. మూడోదే అంది. సరిపోయింది! ఆ మర్నాడూ సరిపోయింది. ఆ తర్వాతా సరిపోయింది.

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోతూ అరటిపళ్ల బండి దగ్గర ఆగి గుండెనిండా పీల్చింది. ఏమీ రాలేదు. రేపొస్తుందిలే అనుకుంది. కప్పులు చెబుతున్నాయిగా! గోడ తలుపులోంచి కప్పులు జరిపే ఆ వేళ్ల మీద కూడా మనసు పడింది. ఎర్రదీపం వెలుగులో ఆ చొక్కా సైతం ఫర్వాలేదనిపించింది.

ఒకరోజు ఆ సంతోషం పట్టలేక, కప్పులు రాకముందే ఆమె తనవైపు నుంచి తలుపు తోసేసింది. 'సాయంత్రం మా ఇంటికి రండి, అమ్మకి మిమ్మల్ని చూపించాలి,' అని చెబుదామని.

అవతల డిక్షనరీ కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. రెండు అరచేతుల మధ్య ఒక కప్పు. పక్షిపిల్లని పొదివి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మిగతా రెండూ బల్ల మీద ఉన్నాయి.

ఆమె చెయ్యి జాపి బల్ల మీది కప్పు ముట్టుకుంది. చల్లగా ఉంది. అతని చేతిలోది తీసుకుంది. గోరువెచ్చగా ఉంది.

"రోజూ ఇంతేనా?"

అతను తలెత్తలేదు. "వెచ్చగా ఉన్నదే వేరేదని మీరు పట్టేస్తారనుకున్నానండీ. చేత్తో తెలుసుకుని, నోటితో చెబుతారని. మీ ఉద్యోగం నిలబడుతుందని…"

"నేను నిజమనుకున్నాను! వెచ్చదనాన్ని రుచనుకున్నాను! అందరూ అబద్ధం చెబుతున్నారు, ఇవైనా చెప్పవని మీకు చెప్పుకుంటే, వాటిచేతా చెప్పించారా?"

"మీరు ఏడుస్తుంటే చూడలేకపోయానండీ. మీరంటే నాకు…"

"వద్దు. ఇప్పుడా మాట అనకండి. అది కూడా నిజమో కాదో తేల్చుకునే ఓపిక నాకు లేదు."

తలుపు మూసేసింది. తిన్నగా పెద్దమేడం గదికి వెళ్లి, వాసన పోయిందనీ, దాచాననీ చెప్పేసింది. డిక్షనరీ ఊసెత్తలేదు. తీరా వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అతనే ఉన్నాడు, తన సంగతి తానే చెప్పుకోవడానికి. ఆ పూట ఇద్దరి పనీ పోయింది. గేటు దగ్గర ఆమె కుడికి తిరిగింది. అతను ఎటు వెళ్లాడో చూడలేదు.

తర్వాతంతా ఇంట్లోనే. సీసాల మూతలు బిగించే పనికి అడిగితే చూద్దామన్నారు. పొద్దున లేవడం, వండటం, అమ్మ "బాగుంది తల్లీ" అనడం. ఆమె నోటికి అన్నమూ అట్టముక్కా ఒకటే. వంట ఎలా ఉన్నా అమ్మ బాగుందనే అంటుంది. ఆ మాటల మధ్య ఒంటరిగా, దూదిలో కూరుకుపోతున్నట్టుండేది.

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. డిక్షనరీ. బుగ్గలు లోపలికి పోయాయి. మడత నలగని తెల్లచొక్కా వేసుకొచ్చాడు, పెళ్లిచూపులకొచ్చినట్టు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చారు?" అంది ఆమె.

"ఉన్నదొక్కటేనండీ."

నవ్వొచ్చేది, ఇంకో రోజైతే. అమ్మ మాత్రం, "లోపలికి రా బాబూ, గుమ్మంలో నిలబెట్టి మాటలేమిటే?" అని కుర్చీ లాగింది. ఆమె మాట్లాడకుండా టీ కలిపి తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

అమ్మ ఒక గుక్క తాగి, "అమృతమే!" అంది.

అతనూ ఒక గుక్క తాగాడు. కప్పు కింద పెట్టాడు.

"ఎలా ఉంది?" ఆమె గొంతులో కత్తి ఉంది.

"పాలు అడుగంటాయండీ. మాడు వాసనొస్తోంది."

"అయ్యో, అవేం మాటలు బాబూ! అసలే పిల్ల…"

"అమ్మా. నిజమేనా?"

అమ్మ కప్పులోకి చూసింది.

"నిన్న?"

"నిన్నా అంతేనే," అంది అమ్మ, వినీ వినపడకుండా. "నువ్వు చూస్తే బాధపడతావని గిన్నె ముందే తోమేస్తున్నాను."

ఆమె ఉన్నచోటే కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. డిక్షనరీ లేచి వచ్చి కొంచెం ఎడంగా నేలమీద కూర్చున్నాడు. ఊరుకోమనలేదు.

చాలాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని అడిగింది. "తిరిగొస్తుందంటారా?"

"తెలీదండీ."

"వస్తుందని అనొచ్చుగా, మాటవరసకి."

"అనను."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎప్పటికీ రాకపోవచ్చన్న సంగతి మొదటిసారి ఇంకో మనిషి కళ్లలో కూడా కనిపించింది. దాన్ని ఒక్కతే మోయక్కర్లేదనిపించింది.

"రేపు వస్తావా?" అంది.

అతను తలూపాడు.

అమ్మ వాళ్లిద్దర్నీ కాసేపు చూసింది. చూసి, వంటింట్లోంచి ఆ మాడుగిన్నె తెచ్చి కూతురి ఎదటే ముందేసుకుని బరబరా తోమడం మొదలుపెట్టింది.

"రేపు పాలు పెట్టినప్పుడు పొయ్యి దగ్గర నువ్వు నిలబడు బాబూ," అంది, తలెత్తకుండా.