మైనం పట్టించిన సంచి

ఫోన్‌లో కబురు చదివేసరికి కొత్త కోడలి కాళ్లు నేలమీద ఆనలేదు. సైకిళ్లకూ, గుడారాలకూ, కాఫీకీ కావలసిన అందమైన సామాన్లు అమ్మే పెద్ద దుకాణం వాళ్లు ఆమె కుట్టిన సంచి ఫొటోలు చూసి ముచ్చటపడ్డారట. ఎల్లుండి పదకొండింటికి అసలు సంచి తెమ్మన్నారు. నచ్చితే ఆమె పేరుతోనే అద్దాల బీరువాలో పెడతామన్నారు. పళ్లు తోముకుంటున్న భర్తకు ఆ కబురు రెండుసార్లు చదివి వినిపించింది. అతను నోటినిండా నురగతోనే ఆమె నుదుట ముద్దు పెట్టాడు. పెళ్లయిన ఈ మూడు నెలల్లో వాళ్ల కబుర్లలో సగం ఆ సంచి గురించే.

సైకిల్ హ్యాండిల్‌కు తగిలించే సంచి అది. కాఫీ గింజల మర, మడత స్టవ్వు, పక్కపక్కనే రెండు కప్పులు అందులో ఇమిడిపోతాయి. పైన పావురం రంగు కాన్వాసు. ఆ రంగు కోసం ఆమె నాలుగు బజార్లు తిరిగింది.

ఇంకోసారి కళ్లారా చూసుకుందామని మిషను గదిలోకి పరుగెత్తి గుమ్మంలోనే ఆగిపోయింది. కొక్కేనికి వేలాడుతున్న సంచి నూనె తాగిన అట్టలా నల్లబడి, మచ్చలు మచ్చలుగా ఉంది. ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు. పక్కనే మామగారు, చేతిలో మైనం ముద్దతో. నలభై ఏళ్లు లారీల టార్పాలిన్లు కుట్టి ఈమధ్యే మానేసిన మనిషి. కోడలు లేచేలోగా రెండు పొరలు పట్టించేశానని, ఇక జడివానలో పెట్టినా చుక్క దిగదని సంబరంగా చెప్పుకొచ్చాడు.

"ఎవరు పట్టించమన్నారు మామయ్యా?"

ఆమె గొంతు పెంచలేదు. ఆ నెమ్మదికే అత్తగారు స్టవ్వు కట్టేసి పరుగున వచ్చింది. మంచికే చేశారు కదా అని సర్దబోయింది. మంచికైతే అడిగి చెయ్యకూడదా అని కోడలు నిలదీసింది. గట్టిగా ఉంటుందిలే అనబోయిన భర్త, భార్య చూపు చూసి నోరు పుక్కిలించడానికి వెళ్లిపోయాడు.

"ఇది లారీ మీద కప్పే గుడ్డ కాదు మామయ్యా. మీకు తెలిసింది అదొక్కటే."

ఆయన మొహం మాడిపోయింది. తర్వాత ఆయనకూ కోపం వచ్చింది. విసురుగా సంచి తీసి, లోపలి అస్తరు బయటికి లాగాడు.

"పోయినవారం మీరిద్దరూ వానలో గుడారం వేసుకుని వచ్చారే, కాఫీ పొడి ముద్దయిందని మావాణ్ని తిట్టావు. సంచి మూత సరిగ్గా వెయ్యలేదన్నావు. మూత తప్పు కాదమ్మాయ్. ఇదిగో, నీ కుట్ల బెజ్జాల్లోంచే నీళ్లు దిగాయి."

కుట్టు పొడవునా కాఫీ మరక గీత గీసినట్టుంది. బాత్రూంలోంచి భర్త, నేను అప్పుడే చెప్పానా లేదా అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆమెకు ఇప్పుడు తనమీద కూడా ఒళ్లు మండింది. "ఈ మాట నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నన్ను చెయ్యి వెయ్యనివ్వవని."

"వెయ్యనివ్వను. సంచి నాది. అందులో తప్పూ నాదే. దాన్ని దిద్దుకునే పని కూడా మీరే లాక్కుంటే ఇందులో నాదంటూ ఏం మిగిలింది మామయ్యా?"

మామగారు మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డాడు. కుర్రతనంలో తను కుట్టిన పరదాను యజమాని చెప్పాపెట్టకుండా విప్పి మళ్లీ కుట్టాడని, ఆ పూటే కత్తెర అక్కడ పడేసి పని మానేసి వచ్చానని చెప్పాడు.

"నలభై ఏళ్లకు నేనూ ఆ యజమానినే అయ్యాను. తప్పయిపోయిందమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుంటూ ఆయన పక్కనే నేలమీద చతికిలబడింది. లారీ మాట అనకుండా ఉండాల్సిందని గొణిగింది. తనకు తెలిసింది నిజంగా అదొక్కటేనని ఆయన ఒప్పుకున్నాడు. తర్వాత ఆమే అడిగింది, రంగు చెడకుండా నీళ్లు ఆపే దారేదైనా ఉందా అని. గుడ్డ జోలికి పోనక్కర్లేదని, దారానికి మైనం పట్టించి కుడితే బెజ్జాలు వాటంతట అవే పూడతాయని ఆయన చెప్పాడు.

బీరువాలో ఇంకో సంచికి సరిపడా అదే పావురం రంగు గుడ్డ మిగిలి ఉంది. ఆమె లేచి దాన్ని బల్లమీద పరిచింది.

"రేపు ఆఫీసుకు సెలవు పెడుతున్నాను. పొద్దున్న ఆరింటికల్లా కూర్చుందాం మామయ్యా. కోసేదీ కుట్టేదీ నేను. మీరు దారానికి మైనం పట్టించి ఇవ్వండి, నా కుట్టు వంకరపోతే నోటితో చెప్పండి."