దొంగ సున్నా

"వాళ్ళు బాంబు పెట్టరు, తొంభై ఒకటీ. సున్నాను జరుపుతారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తొంభై ఒకటి ఫైలు తెరిచాడు. యుద్ధవిమానం కూలేటప్పుడు పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే యంత్రాంగం. దానికి పన్నెండు హౌసింగ్‌లు, అంటే పిన్నులను పట్టి ఉంచే లోహపు గూళ్ళు, తయారు కావాలి. పిన్ను దూరే రంధ్రం వెంట్రుక మందం పక్కకి పోయినా పిన్ను బిగుసుకుంటుంది. సీటు కదలదు.

"ముఠా మనిషి అవి తయారుచేసే ఫ్యాక్టరీలోనే ఉన్నారు. ఎవరో తెలీదు. నువ్వు అక్కడ మెషిన్లు సిద్ధం చేసే సెట్టర్‌గా చేరు."

"ఎన్నాళ్ళు సార్?"

"ఆ హౌసింగ్‌ల కాస్టింగ్‌లు, పోతపోసిన ముడి ముక్కలు, వచ్చేదాకా."

ఎనిమిది నెలలు పట్టింది. దొంగ పేరు, పెంచిన గడ్డం, ఒక కుర్చీ ఒక గ్లాసు ఉన్న అద్దె గది. ఆదివారాల్లో అక్క ఫోన్ చేసేది.

"ఒరేయ్, ఉన్నావా పోయావా?"

"ఉన్నానక్కా."

"ఎక్కడ?"

"పనిలో."

అక్కడితో మాటలు అయిపోయేవి. షాపులో అతనికి 'మ్యూట్ బటన్' అని పేరు పెట్టారు. అతనితో మాట్లాడేది పార్టుల కొలతలు సరిచూసే ఇన్‌స్పెక్టర్ మేడం ఒక్కతే. పట్టుచీర కట్టినంత ఠీవిగా తెల్లకోటు తొడుక్కునేది. ఏ పార్టు మీదైనా ఆమె సంతకం పడిందంటే ఇక దాన్ని మరెవరూ కొలవరు.

ఆ ఉదయం మొదటి కాస్టింగ్‌ను మెషిన్ మీద బిగించాడు. కట్టర్‌ను తిప్పే స్పిండిల్‌లో ముందుగా కొలతలు తీసే టచ్ ప్రోబ్ పెట్టాడు. దాని కొసన ఉన్న ఎర్రటి రూబీ గుండు కాస్టింగ్ నడిమి రంధ్రం గోడలను అటూ ఇటూ తాకింది. స్క్రీన్ మీద కేంద్రం పడింది: 212.34 మిల్లీమీటర్లు. ఇక ఈ పార్టుకు సున్నా అదే. పిన్ను రంధ్రం తొలిచే కట్టర్ ప్రతి కొలతా అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది.

"ప్రోబ్ పొద్దున నేనే కాలిబ్రేట్ చేశాను. స్టార్ట్ చేసేయండి," అంది మేడం.

"ఇంకొక్కసారి తాకిస్తాను మేడం."

"ఎన్నిసార్లండీ? అది ఇనుము, లేచి నడిచి పోదు!"

అతను నవ్వలేదు. పని నేర్పిన ముసలి సెట్టర్ ఒకటే చెప్పాడు: ప్రోబ్‌ను నమ్మే ముందు స్పిండిల్‌ను సగం చుట్టు తిప్పి, అడిగిందే మళ్ళీ అడుగు. నిజం చెప్పే ప్రోబ్ ఎటు తిప్పినా ఒకే మాట చెబుతుంది.

తిప్పాడు. తాకించాడు. 212.52.

రూబీ గుండు నడుమన లేదు. అసలు సున్నా ఈ రెండు అంకెలకూ సరిగ్గా మధ్యలో ఉంది. ప్రోబ్ పక్కనున్న చిన్న స్క్రూ తల మీద కొత్త గీత మెరుస్తోంది. ఎవరో దాన్ని తిప్పి గుండును పక్కకి నెట్టారు. పొద్దుటి నుంచి తను కాక దాన్ని ముట్టుకున్నది ఒక్కరే.

స్క్రూడ్రైవర్ కోసం బల్ల వైపు తిరిగి, మళ్ళీ తల తిప్పేసరికి మెషిన్ తలుపు మూసి ఉంది. మేడం వేలు పచ్చ బటన్ మీద ఉంది. ప్రోబ్ లోపలికి పోయి కట్టర్ వచ్చింది, తిరుగుతూ దిగుతోంది.

దూకి, కట్టర్‌ను ఉన్నచోటే ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ నొక్కాడు. లోహానికి కాగితం మందం దూరంలో కట్టర్ ఆగిపోయింది.

"చెయ్యి తియ్యండి." మైక్రోమీటర్ పెట్టెలోంచి వచ్చిన బుల్లి పిస్టల్ అతని ఛాతీని చూస్తోంది. "మీరు మంచివాళ్ళు. అందుకే నోటితో చెబుతున్నాను."

అతని ఎడమ చేయి అప్పటికే లోహాన్ని చల్లబరిచే నీళ్ళు చిమ్మే కూలెంట్ గన్ మీద ఉంది. పాలలాంటి నీళ్ళు ఆమె కళ్ళలోకి కొట్టాయి. పిస్టల్ జారి కింద పోగుపడిన ఇనుప తురుములో పడింది.

సెక్యూరిటీ తీసుకెళ్తుంటే ఆమె ఆగింది. "మీ అసలు పేరేంటి?"

అతను ప్రోబ్ వైపు తిరిగాడు. ఆ పేరు పలికి తనకే ఎనిమిది నెలలైంది.

ప్రోబ్ సరిచేసి, పన్నెండు కాస్టింగ్‌లనూ తానే పూర్తి చేశాడు. సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్! ఆమె మీద అనుమానం ముందే రాలేదా?"

"రావాల్సింది సార్. కానీ ఇంతమందిలో 'తిన్నారా' అని అడిగింది ఆమె ఒక్కతే."