చిన్నవ్వ ఇంటి ఫ్యాను

ఒంటిపూట బడి రోజులు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇల్లంతా మగతగా ఉంది. రసజ్ఞ మంచం కింద బోర్లా పడుకుని మబ్బుల మీద మొక్కలకు నీళ్లు పోస్తోంది.

ఆ మబ్బులు ఫోన్‌లోవి. అమ్మ వాడి వాడి పక్కన పడేసిన పాత ఫోన్ అది. సిమ్ లేదు. ఒక మూల అద్దం పగిలింది. ఛార్జింగ్ పెడితే ఇస్త్రీ పెట్టెలా కాలుతుంది. అయితేనేం, దాన్లో రసజ్ఞకు సొంతంగా ఒక మబ్బుల తోట ఉంది. రోజూ వెళ్లి నీళ్లు పోస్తే నీలం పూలు పూస్తాయి. వెళ్లకపోతే తలలు వాల్చేస్తాయి. పక్క మబ్బు మీది తోట తన క్లాసులో చదివే తేజది. వాడి తోటలో అప్పుడే జలపాతం కూడా దూకుతోంది.

రసజ్ఞ పై మబ్బుకు నిచ్చెన వేస్తుండగా తెర ఆగిపోయింది. చిన్న గుండ్రం ఒకటి గిరగిరా తిరగసాగింది.

"అబ్బా! మళ్లీనా?"

వాళ్లింట్లో వైఫై లేదు. పరీక్షలయ్యాక చూద్దాం అంది అమ్మ. నాన్న ఫోన్ నాన్నతో పాటే నార్సింగిలో ప్లాట్లు చూపించడానికి పోతుంది. అమ్మ ఫోన్ అమ్మతో పాటే గచ్చిబౌలి ఆఫీసుకు పోతుంది. పగటిపూట ఇంట్లో మిగిలేది అవ్వ ఫోన్ ఒక్కటే. దాని హాట్‌స్పాట్ పెట్టుకుంటేనే మబ్బులు కదులుతాయి.

రసజ్ఞ పాక్కుంటూ బయటికొచ్చింది.

హాల్లో అవ్వ శారదమ్మ కిటికీ పక్కన చాప మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. ఖాజాగూడలో ఆ ఇంటికి ఎండ నేరుగా రాదు. ఎదురుగా ఉన్న అద్దాల ఆఫీసు మీద పడి, అక్కడి నుంచి వీళ్ల హాల్లోకి దూకుతుంది. నీళ్లలో మునిగి వచ్చినట్టు ఆ వెలుగు గోడ మీద వణుకుతూ ఉంటుంది.

శెనక్కాయల డబ్బాకు ఆనించి అవ్వ ఫోన్ ఉంది. వీడియో కాల్ నడుస్తోంది. తెర మీద మాత్రం మనిషి లేదు. ఒక సీలింగ్ ఫ్యాను, అంతే. మెల్లగా, ఎక్కడికీ పోయే తొందర లేనట్టు తిరుగుతోంది. అనంతపురంలో చిన్నవ్వ ఇంటి ఫ్యాను అది. చిన్నవ్వ అంటే అవ్వ చెల్లెలు, ఓబులమ్మ.

ఇటు నుంచి మాట లేదు. అటు నుంచీ మాట లేదు. టప్... టప్... అని కాయలు చిట్లే చప్పుడొకటే.

"అవ్వా, మాట్లాడుకోవడం అయిపోయిందా?"

"ఎప్పుడో అయిపాయ."

"మరి కట్ చెయ్యలేదేం?"

"ఉండనీలే. అదేమన్నా అన్నం అడుగుతాందా?"

అన్నం అడగదు కానీ డేటా తినేస్తుంది! ఈ రోజు డేటా తొంభై శాతం అయిపోయిందని అవ్వ ఫోన్ మీద మెసేజ్ కూడా వచ్చి కూర్చుంది. ఫ్యాను తిరిగేది చూడ్డానికి ఇంత డేటానా? మనింట్లో ఫ్యాను లేదా?

పొట్టు పారేయడానికి అవ్వ వంటింట్లోకి లేచింది. రసజ్ఞ అటూ ఇటూ చూసి ఎర్ర గుండ్రం నొక్కేసింది. ఫ్యాను మాయమైంది.

అవ్వ తిరిగొచ్చి ఫోన్‌లోకి వంగి చూసింది.

"అయ్యో, చెల్లెలు పోయిందే?"

"నెట్‌వర్క్ అవ్వా."

"యాడికి పోతాదో ఆ నెట్టువర్కు! చెప్పేది లేదు, చేసేది లేదు," అని అవ్వ నవ్వింది.

రసజ్ఞ నవ్వలేదు. గబుక్కున మంచం కిందికి దూరింది.

మరుసటి రోజూ నెట్‌వర్క్ పోయింది. ఆ పై రోజూ పోయింది. ఒకసారి అవ్వ కునుకు తీస్తున్నప్పుడు, ఒకసారి తలుపు తీయడానికి లేచినప్పుడు. రసజ్ఞ మబ్బుల తోటలోకీ జలపాతం వచ్చింది. దాని పక్కన తెల్లటి కొంగ కూడా వాలింది.

తర్వాత ఒకనాడు అనంతపురం నుంచి అసలు కాలే రాలేదు. అవ్వే చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అవ్వ ఫోన్‌ను డబ్బాకు ఆనించి, నల్లటి తెర ఎదురుగా అట్లాగే కూర్చుంది. చేటలో కాయలు చేటలోనే ఉన్నాయి.

కాసేపటికి కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ యాదమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది శారదమ్మా, గిట్ల గమ్మున కూసున్నవ్? పల్లికాయల సప్పుడు కిందికి ఇనొస్తలేదు. పాణం మంచిగున్నదో లేదో అని జర పరేషానై వచ్చిన."

"బాగుండాను యాదమ్మా. చేతులు ఆడ్డంలేదు, అంతే."

"మీ చెల్లె ఫోన్ జేస్తలేదా?"

అవ్వ ఫోన్ తీసి ఒక వాయిస్ మెసేజ్ నొక్కింది. చిన్నవ్వ గొంతు హాలంతా నిండింది.

"అక్కా, నీకు పనులుంటాయి. దినామూ నడిమధ్యలో ఫోన్ పెట్టేస్తాండావు. పెట్టేస్తానని ఒక మాట చెప్పి పెట్టేస్తే పోతాది గదా. నాకేం కోపం లేదులే. ఇంగ నేను చెయ్యను."

"కోపం లేదంటుంది గద," అంది యాదమ్మ.

"కోపం లేదనిందంటే మా ఓబులమ్మకు శానా కోపం వచ్చినట్టు."

"నువ్వెందుకు బంద్ జేసినవ్ మరి?"

"నేనెందుకు చేస్తా యాదమ్మా? నెట్టువర్కు అంటే అది నమ్మల్ల గదా!"

మంచం కింద రసజ్ఞ చేతిలో మబ్బులు హాయిగా కదులుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. కావలసినంత డేటా. కొంగ రెక్కలు విప్పింది. అయినా ఆట ఏదో చప్పబడింది. ఇన్నాళ్లూ తను ఆ టప్ టప్ చప్పుడు వింటూనే ఆడుకునేదని రసజ్ఞకు అప్పుడే తెలిసింది.

యాదమ్మ దిగిపోయాక రసజ్ఞ వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, మీరేం మాట్లాడుకోరు కదా. ఊరికే ఆ ఫ్యాను చూస్తావెందుకు?"

"ఫ్యాను ఎవరు చూస్తారు రసమ్మా? నేను ఇంటాంటాను."

"ఏం వింటావు?"

"అది నిద్రపోయిందా లేదా అని." అవ్వ ఒక కాయ తీసి, ఒలవకుండా వేళ్ల మధ్య దొర్లించింది. "దానికి కంటి ఆపరేషన్ అయ్యింది గదా. కండ్లు మూసుకుని పండుకోమన్నారు. కొడుకూ కోడలూ అంగడికి పోతారు. పోతా పోతా కోడలు ఫోన్ కలిపి తలకాడ పెట్టిపోతాది. చిన్నప్పుడు మా నాయన విత్తనాలకని మూటలు మూటలు శెనక్కాయలు మా ముందర పోసేవాడు. అది ఒలిచేది తక్కువ, తినేది ఎక్కువ. తిని తిని నా తొడ మీద తల పెట్టి నిద్రపోయేది. నేను ఒలిచేది ఆపితే చాలు, కండ్లు తెరిచేది."

"ఇప్పుడూ అంతేనా?"

"ముసిలిదైనా అంతే. ఆ సప్పుడు ఇనబడల్ల, నిద్ర పట్టల్ల."

చెప్పేద్దామని రసజ్ఞ నోరు తెరిచింది. చెప్పలేక చేటలో కాయలు కెలికింది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ చాప మీద అటు తిరిగి పడుకుంది. చేట ముట్టుకోలేదు. గోడ మీద వెలుగు ఎప్పట్లాగే వణుకుతోంది.

రసజ్ఞ అవ్వ ఫోన్ తీసింది. ముందు హాట్‌స్పాట్ ఆపేసింది. బ్యాటరీ సగం కూడా లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సును కిటికీ దాకా లాగి ఛార్జర్ పెట్టింది. డబ్బాకు ఆనించి, కింద మడిచిన తువ్వాలు దోపి, జారకుండా చూసుకుంది. అప్పుడు చిన్నవ్వ ఫొటో మీద నొక్కింది.

మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తకపోతే బాగుండు అని ఒక పక్క, ఎత్తితే బాగుండు అని ఒక పక్క. చివరికి తెర మీద ఏదో కదిలింది. గోడ, దోమతెర, ఆ తర్వాత ఫ్యాను.

"ఏమక్కా, ఈపొద్దు ఎంతసేపు? రెండు నిమిషాలా, మూడా?"

"చిన్నవ్వా, అవ్వ కాదు. నేను రసజ్ఞను."

గొంతు మారిపోయింది. "మీ అవ్వ యాడ? బాగుంది గదా?"

"బాగుంది. పడుకుంది." రసజ్ఞ ఫోన్‌కు ఇంకా దగ్గరగా జరిగింది. "చిన్నవ్వా, కట్ చేసింది అవ్వ కాదు. నేను. నా ఆటకు డేటా చాలలేదని కట్ చేశా. నెట్‌వర్క్ పోయిందని అవ్వకు అబద్ధం చెప్పా."

ఫ్యాను తిరిగింది. ఇంకా తిరిగింది.

"అన్ని దినాలూ నువ్వేనా?"

"ఊఁ."

"ఓసి దొంగమొగందానా! మా అక్కను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో నీకు తెల్దు. అవన్నీ ఇప్పుడు ఎవురికి ఇచ్చేది?"

"నాకు ఇవ్వు."

"ఇస్తాలే. కండ్లు బాగైనాక ఆడికొచ్చి, కూచోబెట్టి ఇస్తా." అటు నుంచి మంచం కిర్రుమంది. చిన్నవ్వ సర్దుకుని పడుకున్నట్టుంది. "సరే. మీ అవ్వ పండుకునింది. మరి సప్పుడు ఎవరు చేస్తారు?"

రసజ్ఞ చేటను దగ్గరికి లాక్కుంది. మొదటి కాయ చిట్లలేదు. రెండోది వేళ్ల సందులోంచి ఎగిరిపోయి ఫోన్‌కు తగిలింది.

"ఏమే అది? ఎలుక కొరికినట్టుంది."

"నాకు రావట్లేదు చిన్నవ్వా."

"నడుమ కాదు, ముక్కు కాడ ఒత్తు. బొటనవేలితో."

టప్.

"ఆఁ. అట్ల."

టప్... టప్... అవ్వ ఒలిచినట్టు వరసగా రాలేదు. కుంటుకుంటూ వచ్చింది. అయినా వచ్చింది. మంచం కింద నుంచి పాత ఫోన్ కిచకిచమంది. 'నీ పూలు నీకోసం ఎదురుచూస్తున్నాయి' అని చెప్పే చప్పుడది. రసజ్ఞ అటు తిరగలేదు. బొటనవేలు మండుతోంది. ఒక్క క్షణం ఆపి ఊదుకుంది.

"ఆపొద్దు..." సగం నిద్రలోంచి వచ్చింది చిన్నవ్వ మాట.

రసజ్ఞ మళ్లీ ఒలిచింది. టప్. వెంటనే వెనక నుంచి ఇంకో టప్.

అవ్వ లేచి కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. ఒళ్లో అప్పటికే గుప్పెడు పొట్టు.

"ఎప్పుడు లేచావు అవ్వా?" రసజ్ఞ గుసగుసగా అడిగింది.

"నెట్టువర్కు తిరిగొచ్చినప్పుడే," అంది అవ్వ, అంతకన్నా చిన్నగా.

రసజ్ఞ తల దించుకుంది. అవ్వ చేటను ఇద్దరికీ మధ్యకు జరిపి, ఒలిచిన గింజ ఒకటి మనవరాలి నోట్లో పెట్టింది.

టప్. టప్. ఒకటి వరసగా, ఒకటి కుంటుకుంటూ. ఫోన్‌లోంచి సన్నగా గురక మొదలైంది. అద్దాల ఆఫీసు వెలుగు గోడ మీద నీళ్లలా కదులుతోంది. తెర మీద ఫ్యాను మెల్లగా, ఏ తొందరా లేకుండా తిరుగుతోంది.

చాప మీద ఒక పొట్టు ముక్క లేచి, కొంచెం పక్కకు జరిగి కూర్చుంది. అది ఏ ఊరి ఫ్యాను గాలికో రసజ్ఞకు తెలియలేదు. ఇంకో కాయ తీసుకుని ముక్కు దగ్గర ఒత్తింది.