తెల్లగుంట లోతు

సోమవారం ఉదయం 6.40. వాకాడు దగ్గర తెల్లగుంట నీళ్లలో సర్వేయర్ పెంచలకృష్ణ శవం బోర్లా తేలింది.

తెల్లగుంట ఒకప్పటి సిలికా ఇసుక గని. తవ్వుకున్నవాళ్లు తవ్వుకుని వదిలేసి పోయారు. ఇన్నేళ్లకు దాన్ని పూడ్చి, నాలుగడుగుల లోతు బోటింగ్ చెరువుగా, చుట్టూ పార్కుగా మార్చడానికి ప్రభుత్వం నిధులిచ్చింది. శుక్రవారం ప్రారంభోత్సవం. మొదటి పడవలు బడిపిల్లలకే.

సీఐ అబిగయీలు శవాన్ని పరీక్షించింది. తల వెనక లోతైన గాయం.

గుంట నడుమ ఆగిన పడవను ఒడ్డుకు లాగించింది. అందులో లోతు కొలిచే తాడు, దాని చివర సీసం గుండు. గుండు అడుగున చిన్న గుంత. అందులో జిగట పదార్థం కూరి నీళ్లలోకి వదిలితే, అడుగున ఉన్న మట్టి దానికి అంటుకుని వస్తుంది. ఇప్పుడు ఎర్ర గ్రావెల్ అంటి ఉంది.

“చూసినారా మేడమ్!” కాంట్రాక్టర్ చెంగయ్య ముందుకొచ్చాడు. “నడిమధ్యలో గూడా నా గ్రావెలే. పూడ్చినానని ఆయప్పే తేల్చినాడు, పాపం. పడవ అంచు తలకి తగిలి పడిపోయుంటాడు.”

“నిన్న మీరెక్కడ?”

“గూడూరులో. ఆదివారం ఈడ పనుండదు. జేసీబీ తాళాలు గూడా నా జోబులోనే. లేకుంటే డీజిల్ మిగల్చరు.”

వాచ్‌మన్ ఆండ్రూ అందరి వెనక నిలబడ్డాడు. గుంట పూడిస్తే చేపలు పోతాయని వారం కిందట అతను సర్వేయరుతో గొడవపడ్డాడు.

“నువ్వు?”

“నాలుగింటికి సారు పడవెక్కినాడమ్మా. నేను ప్రార్థనకి పోయినా. ఏడింటికి చీకటిపడినాక వచ్చినా. సారు వెళ్లిపోయినాడనుకున్నా.”

“వీణ్ణి నమ్మబాకండి!” అన్నాడు చెంగయ్య.

అబిగయీలు పాస్టరుకు ఫోన్ చేసింది. 4.15 నుంచి 6.45 దాకా ఆండ్రూ మందిరంలోనే ఉన్నాడు.

8.10కి జూనియర్ సర్వేయర్ ప్రేమలీల వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. గుండు చూసి ఆగిపోయింది.

“ఇది సార్ పెట్టింది కాదు మేడమ్.”

“గుండా?”

“గుండు సార్‌దే. లోపల గ్రీజు ఉందే, అది కాదు. సార్ ఎప్పుడూ బట్టల సబ్బే కూరతారు. గ్రీజైతే కొలతలు రాసే పుస్తకం పాడైపోతుందని నన్ను కూడా వాడనివ్వరు.”

అబిగయీలు పడవను దగ్గరికి లాగించింది. ప్రేమలీల దగ్గరున్న ఇంకో గుండు తీసుకుని ఇద్దరూ పడవెక్కారు. నడిమధ్యలో తాడు వదిలారు. నాలుగడుగులు. పది. ఇరవై. ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది.

గుండు పైకొచ్చింది. దానికి అంటింది తెల్ల ఇసుక. గ్రావెల్ రవ్వంత లేదు.

9.30కి అబిగయీలు అందరినీ గట్టు మీద నిలబెట్టింది.

“చెంగయ్యా, నువ్వు గ్రావెల్ పోసింది ఒడ్డు వారనే. చూపుకు చెరువు, లోపల గని. నిన్న పెంచలకృష్ణ నడుమ కొలిచాడు. సబ్బుకు తెల్ల ఇసుక అంటింది. నీ గుట్టు రట్టయింది.”

“నేను గూడూరులో...”

“విను. ఒడ్డుకు రాగానే అతన్ని కొట్టి నీళ్లలో తోశావు. సబ్బు గీకేసి గ్రీజు కూరావు. ఒడ్డు దగ్గర గుండు ముంచావు. పడవను నడుమకు నెట్టావు. జేసీబీ క్యాబిన్ నీ జోబులో తప్ప ఇంకెక్కడా లేని తాళంతోనే తెరిపించాం. లోపలున్న గ్రీజు గన్ మూతికి కొత్త గ్రీజు అంటి ఉంది. గుండు లోపలి గ్రీజులో వేలిముద్ర దిగింది. ఫోరెన్సిక్ వాళ్లు దారిలో ఉన్నారు. వాళ్లొచ్చేదాకా ఆగుదామా?”

చెంగయ్య చేతులు జోడించాడు.

“ప్రారంభం అయ్యేదాకా ఆగమన్నా మేడమ్. కాళ్లు పట్టుకున్నా. రాత్రికే రిపోర్టు పంపుతానన్నాడు.”

“పిల్లలు పడి ఉంటే?”

చెంగయ్య చేతులు చాచాడు. కానిస్టేబుల్ బేడీలు వేశాడు. అబిగయీలు కలెక్టరేటుకు ఫోన్ చేసి శుక్రవారం కార్యక్రమం ఆపించింది.

తిరిగి చూసేసరికి ప్రేమలీల మళ్లీ పడవలో ఉంది.

“ఎక్కడికమ్మా?”

“ఇంకా పద్నాలుగు చోట్ల కొలవాలి మేడమ్. సార్ రిపోర్టు నేను పంపుతా.”

అబిగయీలు టోపీ తీసి ఆండ్రూకిచ్చి, తెడ్డు అందుకుంది.