తొక్కి పట్టుకో!

కారు ఆగడం లేదు!

బద్వేలు రోడ్డు మీంచి మెకానిక్ షెడ్డులోకి దూసుకొస్తోంది. తెల్ల కారు. నేరుగా తన మీదికే...

జ్ఞానరాజు పక్కకు దూకుతాడు.

ధడేల్!

పాత టైర్ల కుప్పను గుద్దుకుని కారు నిలుస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలు. మే నెల ఎండ. చుట్టుపక్కల వేరే షెడ్డు లేదు. కనుచూపు మేరలో మనిషి లేడు.

డోరు తెరుచుకుంటుంది. ముప్పై ఏళ్ళ మనిషి. నలగని ఇస్త్రీ చొక్కా.

చేతిలో పిస్టల్!

"బ్రేకు పడడంల్యా. చూడప్పా."

టీ ఇమ్మన్నంత నిదానంగా అడుగుతాడు.

వెనక సీట్లో ఒకామె. చేతులు చున్నీతో కట్టేసి ఉన్నాయి. పెదవి చిట్లింది. ఆ ముఖం ఎక్కడో... పేపర్లో! కమలాపురం హత్య కేసు. కళ్ళారా చూసిన ఒకే ఒక్క సాక్షి. టీచర్ శివలీల.

"రేపు కడప కోర్టులో నోరు తెరుస్తాదంట," ఇస్త్రీ చొక్కా నవ్వుతాడు. "ఆ లోపల మేము ఘాట్ ఎక్కాల. నేను ఒక్కన్నే దిగాల. బిన్నా కానీ, టైము ల్యా!"

జ్ఞానరాజు జేబులో ఫోన్ మోగుతుంది. తీసేలోపే ఆ మనిషి లాక్కుంటాడు. తెర మీద 'కృపమణి'.

"ఎవరు?"

"నా... నా ఇంటామెప్పా..."

ఫోన్ పాత ఆయిల్ డబ్బాలో పడుతుంది. మోగుతూనే మునిగిపోతుంది.

జ్ఞానరాజు సీట్లో కూర్చుని పెడల్ తొక్కుతాడు. తడిసిన దూదిని తొక్కినట్టు... మెత్తగా నేలదాకా పోతుంది. వెంటవెంటనే నాలుగుసార్లు తొక్కుతాడు. కాస్త గట్టిపడుతుంది. కొంచెంసేపు వదిలి తొక్కితే... మళ్ళీ మెత్తన!

"లైన్లో గాలి చేరిండాదప్పా. ఆయిల్ యాడనో కారతాండాది."

బానెట్ ఎత్తుతాడు. బ్రేక్ ఆయిల్ డబ్బా అడుగంటింది. జాకీ వేసి కారు కిందికి దూరతాడు. వెనక ఎడమ చక్రం దగ్గర పైపు జాయింటు తడి. రాయి తగిలి వదులైంది. స్పానర్‌తో బిగిస్తాడు. కారడం ఆగుతుంది.

మరి లోపలి గాలి?

"ఒక్కనితో అయ్యే పని కాదప్పా. లోపల ఒకరు పెడల్ తొక్కాల. ఈడ నేను గాలి పోయే నిప్పల్ విప్పాల."

ఇస్త్రీ చొక్కా ఆలోచిస్తాడు. తను లోపల కూర్చుంటే కారు కింద ఏం జరుగుతోందో కనబడదు. చున్నీ విప్పి శివలీలను డ్రైవర్ సీట్లోకి ఈడుస్తాడు. కారు తాళం జేబులో వేసుకుంటాడు. చక్రం పక్కనే గొంతుకూర్చుంటాడు. పిస్టల్ జ్ఞానరాజు కణత వైపు.

కొత్త ఆయిల్ పోసి, నిప్పల్‌కు సన్న గొట్టం తగిలించి, జ్ఞానరాజు కింద నుంచి అరుస్తాడు.

"తొక్కుమ్మా!"

"తొక్కినా అన్నా."

"అట్లే పట్టుకో!"

నిప్పల్ విప్పుతాడు. గొట్టంలో బుడగలే బుడగలు! బిగిస్తాడు.

"వదులు!"

మళ్ళీ తొక్కు. మళ్ళీ పట్టుకో.

"పట్టుకున్నా అన్నా..."

అన్నా! ఆ ఒక్క మాట గుండెలో ముల్లులా దిగుతుంది.

ఈ గాలి కాస్త లోపలే వదిలేస్తే? ఘాట్‌లో రెండో మలుపుకే వీడి కథ ముగుస్తుంది! కానీ ఆ కార్లో ఆమె కూడా ఉంటుంది...

బాగుచేస్తే ఆమెను వీడు చంపుతాడు. చెయ్యకపోతే తనే చంపినట్టు!

ప్రభువా... ఏ దారీ ల్యాదా?

పెడల్ చప్పుడొకటే.

బుడగలు తగ్గుతాయి. ఆగిపోతాయి. జ్ఞానరాజు ఆపడు. తొక్కు... పట్టుకో... వదులు. ఒక్క బండైనా ఈ పక్క రాకపోతుందా?

పిస్టల్ కణతకు తగులుతుంది. చల్లగా!

"బుడగలు ఆగిపోయినాయి కదప్పా. ఎవరి కోసం చూస్తాండావు?"

జ్ఞానరాజు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోతుంది. బయటికి వచ్చి జాకీ దించుతాడు.

"ఇంకేమన్నా ఉండాదా?"

"ఇంజిన్ ఆన్ చేసి పెడల్ చూడాల. అంతే."

అందులో ఏ ఎత్తూ లేదు. ఇరవై ఏళ్ళుగా ప్రతి కారుకూ చివర్లో చేసే పనే.

ఇస్త్రీ చొక్కా కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పుతాడు. ఇంజిన్ గర్జిస్తుంది. శివలీల తొక్కుతుంది.

"గట్టిగా... గట్టిగా ఉండాది అన్నా."

ఏడుస్తూ అంటుంది. బ్రేకు బాగుపడితే తనకేం జరుగుతుందో ఆమెకు తెలుసు.

పాం... పాం!

రోడ్డు మీద ఆర్టీసీ బస్సు! ఇస్త్రీ చొక్కా అటు తల తిప్పి, పిస్టల్‌ను చొక్కా కింద దాస్తాడు.

ఒక్క క్షణం!

గేరు పడుతుంది. కారు వెనక్కి దూకుతుంది! పక్క అద్దం తగిలి ఇస్త్రీ చొక్కా బోర్లా పడతాడు. కారు గిర్రున తిరిగి, బస్సు వెంట పరుగెడుతుంది.

ఢాం! వెనక అద్దం పగిలిపోతుంది. కారు ఆగదు.

అంతలో గొర్రెల మంద రోడ్డెక్కుతుంది. బస్సు ఉన్నపళంగా నిలిచిపోతుంది! కారు అదే వేగంతో దాని మీదికి...

ఇక్కడ షెడ్డులో జ్ఞానరాజు కుడికాలు నేలను అదిమి తొక్కుతుంది. ఒక్క బుడగైనా మిగిలిందా? మిగిలిందా?

ఎర్ర లైట్లు!

కీచుమంటూ... బస్సుకు జానెడు దూరంలో కారు నిలుస్తుంది!

శివలీల దిగుతుంది. పరుగెత్తి బస్సెక్కుతుంది. కిటికీల నిండా తలలు. గొర్రెలు పక్కకు తప్పుకుంటాయి. బస్సు కదిలిపోతుంది.

ఇస్త్రీ చొక్కా లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటాడు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తాడు. తర్వాత ఇటు తిరుగుతాడు.

పరుగెత్తాలి. జ్ఞానరాజు వెనక్కి అడుగేస్తాడు. వేళ్ళ నిండా బ్రేక్ ఆయిల్ జిడ్డు. స్పానర్ జారి కింద పడుతుంది.

"పని బాగా చేసినావప్పా."

ఢాం!